పొలి తిరిగిన రోజు

వేడన్నంలో నెత్తురు పోస్తే ఒక వాసన వస్తుంది.

పచ్చిగా... తియ్యగా... గొంతులో అడ్డం పడేట్టుగా. పసుపు చల్లినా అణగదు. వేపాకు కలిపినా అణగదు. వైశాఖపు ఎండ దాన్ని నడివీధిలో నిలబెట్టి ప్రతి ఇంటి గడపలోకీ తోస్తుంది.

బొడ్రాయి దగ్గర గావు పట్టారు.

పోతరాజు వేషం కట్టినవాడు మేకపిల్లను రెండు చేతులా ఎత్తి, మెడ పళ్ళతో పట్టి, ఒక్క గుంజు గుంజాడు. డప్పులు ఆగలేదు. మేక కాళ్ళు కొంతసేపు డప్పుకు తగ్గట్టే ఆడాయి, ఆ తరువాత ఊరుకున్నాయి. నెత్తురు గంపలోని అన్నం మీద పడింది. ఆడవాళ్ళు శివమూగారు. పిల్లలు తల్లుల కొంగుల్లో మొహాలు దాచుకున్నారు... దాచుకుని సందులోంచి చూశారు.

యమున చూడలేదు.

ఆమె కళ్ళు చెరువు వైపే ఉన్నాయి.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఎండలకు వెనక్కి జరిగింది. నీళ్ళు పోయిన చోట నేల పగిలింది. ఆ పగిలిన నేలలోనే ఎక్కడో ఊరి పొలిమేర. పొలిమేర అవతల ఆమె అత్తగారి ఊరు. అక్కడ కర్రలు పట్టుకుని నిలబడ్డ మగవాళ్ళలో ఆమె మొగుడు తిరుమల్ ఉన్నాడు.

ఇవతల, గంప ముందు కర్ర పట్టుకుని నిలబడ్డవాడు ఆమె అన్న రాజశేఖర్.

ఇద్దరూ ఆమెకు కావాలి. సాయంత్రానికి ఇద్దరూ బతికి ఉండాలి. ఆమె అడిగింది అంతే, అంతకు మించి ఏ దేవతనూ ఏమీ అడగలేదు.

*

బొడ్రాయి అంటే ఊరి బొడ్డు. ఊరు పుట్టిననాడు నడిమధ్యన పాతిన రాయి. తరానికొకసారి దానికి పండుగ. ఆ పండుగకు ఎక్కడెక్కడి ఆడబిడ్డలూ పుట్టింటికి రావాలి. ఒక్కతె రాకున్నా ఊరికి వెలితి అంటారు. జల్‌పల్లి నుంచి, నాదర్‌గుల్ నుంచి, ఎక్కడ కాపురం ఉంటే అక్కడి నుంచి వచ్చారు. కొత్త చీరలు కట్టారు. తలా ఒక బిందెడు నీళ్ళు రాయి మీద పోశారు. అత్తలను తిట్టుకున్నారు, పకపకా నవ్వుకున్నారు. అంతవరకు బాగానే ఉంటుంది.

ఆ తరువాత ఊరిని కట్టేస్తారు.

ప్రతి దారికీ వేపమండల తోరణం. తోరణం కట్టాక లోపలివాళ్ళు బయటికి పోవద్దు, బయటివాళ్ళు లోపలికి రావద్దు. బస్సు లేదు. బండి లేదు. పాలవాడు కూడా లేడు. పొద్దు గూకేదాకా ఊరు గుప్పిట మూసుకుని కూర్చుంటుంది.

అప్పుడు పొలి బయలుదేరుతుంది.

నెత్తుటి అన్నం గంప నెత్తిన పెట్టుకుని ఒకడు పరుగెత్తుతాడు. అతనికీ, వెంట పోయే మగవాళ్ళకూ మాత్రమే తోరణం అడ్డు కాదు. ఊరి హద్దు వెంట మెతుకులు చల్లుకుంటూ పోతాడు. రోగం, నొప్పి, కీడు — అన్నీ హద్దు అవతలికి పోవాలని.

అవతల ఎవరున్నారు?

మనుషులే ఉన్నారు.

అందుకే వాళ్ళూ కర్రలు పట్టుకుని కాపలా కాస్తారు. ఒక్క మెతుకు హద్దు దాటి తమ మట్టిలో పడితే ఈ ఊరి కీడంతా ఆ ఊరికి చేరుతుందని వాళ్ళ నమ్మకం. ఈ ఊరి నమ్మకమూ అదే. చదువుకున్నవాళ్ళు విని నవ్వుతారు. నవ్వినవాళ్ళే ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి కర్ర పట్టుకుంటారు.

హద్దు తెలిస్తే ఏ గొడవా లేదు.

హద్దు పోయింది.

*

పొలిమేరలో ఒక రాయి ఉండేది. మనిషెత్తు రాయి. ఎవరు పాతారో ఎవరికీ తెలియదు. రెండూళ్ళూ దానికి ఇటూ అటూ నిలబడి బతికాయి.

కొంగరకలాన్ వైపు భూములు ప్లాట్లయ్యాక ఆ గాలి ఇటూ తిరిగింది. చెరువు ఒడ్డున వెంచర్ పడింది. వెంచర్‌వాళ్ళకు నేల చూపించినవాడు రాజశేఖర్. దగ్గరుండి రోడ్లు వేయించినవాడూ రాజశేఖరే. రోడ్డుకు రాయి అడ్డం వచ్చింది. తిరుమల్ జేసీబీ నడుపుతాడు. రాజశేఖర్ బావను పిలిచాడు.

"తీసెయ్ బావా. అడిగేటోడు ఎవడున్నడు? ఎవడన్న అడిగితె నేను చూసుకుంట."

తిరుమల్ తీశాడు. మొరం కింద కప్పేశాడు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. యమునకు చెప్పాడు.

ఆమె ఎవరికీ చెప్పలేదు.

రాయి పోయిందని రెండూళ్ళకూ తెలిసింది. వాళ్ళే మాయం చేశారని వీళ్ళు అనుకున్నారు, వీళ్ళే మాయం చేశారని వాళ్ళు అనుకున్నారు. మనసులో పెట్టుకున్నారు. రాయి ఉన్న చోటుకు అవతల, ఆ ఊరి నేలలోకి జరిగి, ఇప్పుడు తెల్లటి సిమెంటు కడీలు వరసగా నిలబడి ఉన్నాయి. అది శిఖం భూమి, వానలొస్తే చెరువుదే. ఎవరి పట్టా కాదు కనుక ఎవరూ కొలవలేదు.

కడీలే హద్దు అనుకుంది ఈ ఊరు. కొత్తది, తెల్లది, వరసగా ఉన్నది. ఇంకేం కావాలి?

పండుగకు వచ్చేముందు యమున మొగుడి చెయ్యి పట్టుకుంది.

"ఇగో, గా రోజు నువ్వు నోరు తెర్వకు. ఏమన్న కానియ్యి. తెరిస్తె రెండూర్లోళ్ళు నీ మీద పడ్తరు."

"నాకేం పని? నేనేం మాట్లాడ."

ఆ మాట నమ్ముకుని పుట్టింటికి వచ్చింది.

*

డప్పు మారింది.

"పొలీ... పొలీ..."

గంప ఎత్తుకున్న బాలరాజ్ పరుగందుకున్నాడు. ముందు రాజశేఖర్. వెనక ఊరి మగవాళ్ళంతా. దుమ్ము... దుమ్ములో ఎర్రటి మెతుకులు.

ఊరికి ఆఖరి ఇల్లు దశరథది. యమున తండ్రి ఆయన. ఈ పండుగకు పెద్ద కూడా ఆయనే. పొద్దు గూకేదాకా తోరణం తెగనియ్యనని బొడ్రాయి ముట్టుకుని ఊరికి మాటిచ్చాడు. ఆ ఇంటి డాబా మీద యమున నిలబడింది. ఖాళీ బిందె ఇంకా చంకలోనే ఉంది.

పొలి కట్ట దాటింది.

పొలి శిఖంలోకి దిగింది.

పొలి కడీల వైపు తిరిగింది.

ఆగు... అన్నా, అక్కడే ఆగు...

ఆగవలసిన చోటు ఆమెకు తెలుసు. రాజశేఖర్‌కూ తెలుసు. అయితే అతను అక్కడ ఆగితే కడీలు తప్పని ఊరందరి ముందు ఒప్పుకున్నట్టే. అతను ఆగలేదు. కడీల వెంటే పోనిచ్చాడు.

మెతుకులు అవతలి మట్టిలో పడ్డాయి.

ఆ ఊరివాళ్ళు అరవలేదు. అరిచినా బాగుండేది. మాటా పలుకూ లేకుండా వచ్చి మీద పడ్డారు.

మొదటి దెబ్బ గంపకు తగిలింది. రెండో దెబ్బ బాలరాజ్ మోచేతికి. చెయ్యి తిరగగూడని వైపుకు తిరిగింది. అన్నం నేల మీద పడింది, అన్నం మీద మనుషులు పడ్డారు. ఏ నెత్తురు మేకదో, ఏ నెత్తురు మనిషిదో తెలియలేదు. కర్ర విరిగినవాడు కడీ పీకాడు. కడీ దొరకనివాడు రాయి తీశాడు. ఏదీ లేనివాడు గోళ్ళతో రక్కాడు, పళ్ళతో కరిచాడు. మొన్నమొన్నటి దాకా ఒకే బంతిలో కూర్చుని పెళ్ళి భోజనాలు తిన్నవాళ్ళు. పిల్లను ఇచ్చుకుని పిల్లను తెచ్చుకున్నవాళ్ళు. మామా, బావా అని పిలుచుకున్న నోళ్ళతోనే తల్లులను తిట్టుకున్నారు.

యమున బిందె వదిలేసింది. మెట్లు దిగింది. పరుగెత్తింది.

తోరణం దగ్గర ఆడవాళ్ళు పట్టుకున్నారు. తల్లి లక్ష్మమ్మ నడుం చుట్టూ చేతులు వేసి వేలాడింది.

"పోవద్దే! ఊరు కట్టు మీదుందే! నీ కాళ్ళు మొక్కుత!"

మాటలు అక్కడికి వినబడుతున్నాయి.

"గిది మా హద్దురా!"

"కడీలు కనవడ్తలేవా? నీ కండ్లు దొబ్బినయా?"

అప్పుడు తిరుమల్ నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో కర్ర లేదు. ఎప్పుడు పడేశాడో, ఏమో. రెండు గుంపుల మధ్యకు దూరి చేతులెత్తాడు.

నోరు తెరవకు...

నోరు తెరవకు... నోరు తెరవకు...

తెరిచాడు.

"ఆగుర్రి! కొట్టుకోకుర్రి! హద్దు గిది కాదు. రాయి గాడుండె. మొరం కింద ఉన్నది. నేనే తీసిన!"

కర్రలు ఆగాయి. ఒక్క ఊపిరి సేపు ఆగాయి. అందరినీ బతికించానని అనుకున్నాడు పిచ్చివాడు.

"ఎవడు తియ్యమన్నడురా నిన్ను?"

తిరుమల్ పేరు చెప్పలేదు. రాజశేఖర్ వైపు చూశాడు. చూశాడు, అంతే.

ఆ చూపు నోటి దాకా వస్తే తన పని అయిపోతుందని రాజశేఖర్‌కు తెలిసింది.

అతని కర్ర దిగింది.

ఎడమ చెవి పైన. గుమ్మడికాయ నేలకేసి కొట్టిన చప్పుడు. తిరుమల్ నిలబడే ఉన్నాడు... నిలబడి, ఏదో మరిచిపోయినవాడిలా చెయ్యి తల దగ్గరికి తీసుకుపోయాడు. ఆ తరువాత మోకాళ్ళ మీద కూలాడు.

ఆపైన అందరూ కొట్టారు. ఆ ఊరివాళ్ళు మా రాయి తీశాడని కొట్టారు. ఈ ఊరివాళ్ళు మా రాయి తీశాడని కొట్టారు. ఆ ఒక్క పనిలో రెండూళ్ళూ ఎంత బాగా కలిశాయి!

తల్లి చెయ్యిని యమున కొరికింది. నెత్తురొచ్చేలా కొరికింది. తోరణం కింద నుంచి దూరి పరుగెత్తింది.

*

మొగుడి మీద బోర్లా పడింది.

ఒక కర్ర ఆమె వీపు మీద దిగింది. ఇంకొకటి భుజం మీద. ఆ తరువాత ఎవరో అరిచారు — ఆడబిడ్డరా, ఆడబిడ్డ! కర్రలు ఆగాయి. పండుగనాడు ఆడబిడ్డను కొడితే పాపం. ఆడబిడ్డ మొగుణ్ణి కొడితే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు.

ఆమె ఎవరినీ తిట్టలేదు. ఏడవలేదు. కొంగు చింపి తలకు కట్టింది. కొంగు వెంటనే తడిసిపోయింది.

"ఎవలన్న బండి తేర్రి... ఎవలన్న..."

అవతలి ఊరి సామ్యేలు ట్రాలీ ఆటో నడుపుతాడు. చర్చికి పోయే మనిషి, ఈ పొలితో అతనికి పని లేదు. కట్ట మీద నిలబడి అంతా చూశాడు. ఆటోను శిఖంలోకి దింపాడు. ఇద్దరూ కలిసి తిరుమల్‌ను ఎక్కించారు. సాయం పట్టమంటే రెండూళ్ళ మగవాళ్ళూ నేల చూశారు.

"అక్కా, చెరువు చుట్టు తిరిగి పోతె మనిషి అందడు. మీ ఊర్లకెల్లి పోతె సాగర్ రోడ్డు మీద్నే దవాఖాన. పోనిస్తరా?"

"నువ్వు పోనియ్యి తమ్మీ."

తోరణం ముందు దశరథ నిలబడి ఉన్నాడు. చుట్టూ ఊరు. కొట్లాట వదిలి వెనక్కి వచ్చినవాళ్ళు ఆటో చుట్టూ మూగారు. వాళ్ళలో రాజశేఖర్ కూడా ఉన్నాడు. కర్ర ఇంకా చేతిలోనే ఉంది.

"బాపూ, తొవ్వ ఇడువు."

దశరథ ఆటోలోకి చూశాడు. అల్లుడి తల చూశాడు. ముసలాయనకు ఆ అల్లుడంటే మస్తు ఇష్టం.

"పొద్దు గూకనియ్యి బిడ్డా. గిప్పుడు బండి లోపలికొస్తె ఊరికి అరిష్టం. పసి పోరగాండ్లు రాలిపోతరు బిడ్డా. నేను బొడ్రాయి ముట్టి మాటిచ్చిన."

"పొద్దు గూకేదాక ఈయన ఉండడు బాపు."

ఆయన ఏడ్చాడు. ఏడుస్తూనే రెండు చేతులా తోరణం పట్టుకున్నాడు.

"రాయి తీసినోనికి ఊర్లకెల్లి తొవ్వ ఇస్తరా?" గుంపులోంచి ఒకరు.

"సావనియ్యి!" ఇంకొకరు.

యమున అన్న వైపు చూసింది.

రాజశేఖర్ తల అడ్డంగా ఊపాడు. చిన్నగా, ఆమెకు మాత్రమే కనబడేలా. వద్దు చెల్లె... ఆ కళ్ళు అట్లా బతిమాలడం ఆమె ఎన్నడూ చూడలేదు. ఆమెకు ఈ చెరువులోనే ఈత నేర్పినవాడు. ఆమె పెళ్ళిలో అప్పగింతలప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చినవాడు. అన్న అంటే ఆమెకు ప్రాణం, ఇప్పటికీ ప్రాణమే.

పేరు చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇప్పుడే చూసి వచ్చింది.

ఆటోలో తిరుమల్‌కు గురక మొదలైంది. నిద్రలో వచ్చే గురక కాదది.

"తీసింది ఈయనే," అంది యమున. గొంతు ఎవరిదో అనిపించింది. "తీయించింది మా అన్న. రాజశేఖరన్న. దగ్గరుండి తీయించిండు. మొరం పోయించింది గూడ ఆయనే. మీ ముంగట్నే ఉన్నడు, అడుగుర్రి."

డప్పు ఆగింది.



తరువాత ఒకడు కదిలాడు. ఇంకొకడు. ఊరంతా ఒక్కసారి అటు తిరిగింది. ఆటో చుట్టూ ఉన్న కాళ్ళన్నీ అటే పోయాయి. దశరథ తోరణం వదిలేశాడు. చెప్పులు జారిపోతున్నా చూసుకోకుండా కొడుకు వైపు పరుగెత్తాడు.

"కొట్టకుర్రి! నా కొడుకును కొట్టకుర్రి! నీ బాంచెన్... కొట్టకుర్రి!"

దారి ఎవరూ ఇవ్వలేదు. దారిలో ఎవరూ మిగలలేదు.

"పోనియ్యి," అంది యమున.

వేపమండలు ఆటో ముందు అద్దానికి తగిలి తెగాయి. సామ్యేలు ఆపలేదు. ఊరు ఖాళీగా ఉంది. గడపలకు పసుపు ఉంది, ముగ్గులు ఉన్నాయి, మనుషులు లేరు. మనుషులందరూ వెనక ఉన్నారు. కర్రల చప్పుడు వెనక ఉంది. ఆ చప్పుడు మధ్య నుంచి ఒక గొంతు లేచింది.

తిరుమల్ కళ్ళు తెరిచాడు.

"ఎవలే... ఎవలు అరుస్తుండ్రు?"

ఆ గొంతు ఆమెకు తెలుసు. మాటలు రాని వయసు నుంచీ తెలుసు. ఇప్పుడది ఆమె పేరే పిలుస్తోంది.

"ఎవ్వలు లేరు. నువ్వు పండు."

ఒక చేత్తో అతని గాయాన్ని అదిమి పట్టింది. ఇంకో చేత్తో అతని రెండో చెవి మూసింది. తన చెవులు మూసుకోవడానికి ఆమెకు చేతులు లేవు.