బుక్కులో లేని పతకం

నేను ఒక పతకాన్ని. బడిపిల్లలకు పరుగుపందెంలో ఇచ్చే రేకుబిళ్ళ అనుకునేరు, ముందే చెబుతున్నాను. నన్ను ఇచ్చింది సైన్యం. ఊపిరి ఆడటమే కష్టమైన ఎత్తులో, మంచుకొండల మీద, ఆరు నెలలకు తగ్గకుండా పనిచేసిన సిపాయికి మాత్రమే దక్కుతాను. నాకు కాస్త గర్వం ఉన్న మాట నిజమే. గర్వపడటానికి తప్ప నేను ఇంకెందుకూ పనికిరాను కదా. నాతో కూర తరగలేరు, నన్ను ఇచ్చి ఉప్పు కొనలేరు.

నికెలు కలిసిన రాగితో టంకశాలలో పుట్టాను. పెద్ద యంత్రం ఒకటి నా నెత్తిన ఒక్క పోటు పొడిచింది. ఒక పక్క సింహాలు లేచాయి, రెండో పక్క కొండ లేచింది, నా పురుడు అంతటితో ముగిసింది. తర్వాత నా అంచు చుట్టూ నంబరు, హోదా, పేరు చెక్కారు. నాయక్ డి. ఓబులేసు. అప్పటికి ఆ మనిషిని నేను చూడనైనా చూడలేదు. పెళ్ళిచూపులు కాకముందే మొగుడి పేరు పచ్చబొట్టు పొడిపించుకున్న పిల్లలాగా సిగ్గుపడుతూ డబ్బాలో పడుకున్నాను.

ఆ డబ్బా అతన్ని వెతుక్కుంటూ ఊళ్ళన్నీ తిరిగి రెండేళ్ళకు చేరింది. ఒక ఆఫీసరు నన్ను అతని చొక్కాకు గుచ్చి, చేయి కలిపి, పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఓబులేసు తల దించి నన్ను చూసుకున్నాడు. సన్నగా, నల్లగా, ముక్కు చివర చలికి తోలు ఊడిన మనిషి. నాకు నచ్చాడు.

అతనిది ప్రకాశం జిల్లాలో ఎర్రమిట్ట అనే ఊరు. ఆ ఊళ్ళో ఇంటికొకడు సైన్యంలో చేరతాడు. కొత్తగా కనిపించిన మనిషిని ఏ ఊరని అడగరు, ఏ యూనిట్టని అడుగుతారు. ఉద్యోగం ముగించి వచ్చిన ఓబులేసుకు సంబంధం చూసినప్పుడు పిల్ల తండ్రి కూడా అదే అడిగాడు. ఫిరంగుల దళంలో పనిచేశానన్నాడు. అది నిజమే. ఫిరంగి దగ్గర ఏం చేసేవాడో పిల్ల తండ్రి అడగలేదు, ఇతను చెప్పలేదు. పేల్చేవాడనే ఊరంతా అనుకుంది. ఊరు అనుకున్నదాన్ని కాదనేంత పొగరు ఓబులేసుకు లేదు.

అలా వచ్చిన ఇల్లాలు కాశమ్మ నన్ను చూసి పొంగిపోయింది. తీసుకెళ్ళి దేవుడి గూట్లో, అహోబిలం నరసింహస్వామి పటం పక్కన పెట్టింది. నుదుట కుంకుమ కూడా పెట్టింది. నేను ఏ దేవుణ్ణో నాకే అర్థం కాలేదు. ఒకసారి పక్కింటావిడ వచ్చి తన గేదె క్షేమంగా ఈనాలని నాకు మొక్కుకుంది. గేదె ఈనింది. అందులో నా ప్రమేయం ఏమీ లేదని ఇప్పటికైనా మనవి చేస్తున్నాను.

దేవుడి గూట్లో ఉండటంలో ఒక చిక్కుంది. ప్రతి శుక్రవారం కాశమ్మ దీపపు కుందులతో పాటు నన్నూ చింతపండు పెట్టి తోమేది. తోమడమంటే అలా ఇలా కాదు. నా మీద ఏదో పాత పగ ఉన్నట్టు తోమేది. ముప్పై ఎనిమిదేళ్ళ శుక్రవారాలు గడిచేసరికి నేను కొత్త గిన్నెలా మెరిసిపోతున్నాను. అంచు మీది నంబరు, హోదా, పేరు మాత్రం చింతపండు నీళ్ళతో కలిసి దొడ్లోకి పోయాయి. రిబ్బను ఎప్పుడో చీకిపోతే, కాశమ్మ తన పెళ్ళి జాకెట్టు అంచు కత్తిరించి కుట్టింది.

ఇలా ఉండగా ఊళ్ళో మాజీ సైనికుల సంఘం వాళ్ళు ఒక రాయి నిలబెట్టాలనుకున్నారు. నల్లరాయి. దాని మీద ఊరి సిపాయిలందరి పేర్లు, పేరు కింద వాళ్ళ పతకాలు. ఆగస్టు పదిహేనున ఆవిష్కరణ. సంఘం అధ్యక్షుడు రిటైర్డ్ సుబేదార్ మస్తాన్‌వలి గారు. నిద్రలో పక్కకు తిరగాలన్నా రూలు ఒప్పుకుంటుందో లేదో చూసుకునే రకం. సైన్యం నుంచి వచ్చేటప్పుడు ప్రతివాడికీ ఒక డిశ్చార్జి బుక్కు ఇస్తారు. అందులో రాసి ఉన్న పతకమే రాయి ఎక్కుతుందని ఆయన తీర్మానం చేశాడు.

ఓబులేసు తన బుక్కు ఇచ్చాడు. మస్తాన్‌వలి గారు కళ్ళజోడు పెట్టుకుని పేజీ తిప్పాడు. పతకాలు అన్న చోట ఎదురుగా చక్కటి దస్తూరీతో రాసి ఉంది: లేవు.

సంఘం గదిలో ఉన్న వాళ్ళంతా నన్ను చూశారు. నేను సుబేదారు గారి అరచేతిలో ఉన్నాను. ఆయన భూతద్దం పెట్టి నా అంచు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు. ఒక ఏడు అంకె, చింతపండు పీచు ముక్క తప్ప ఏమీ దొరకలేదు. ఈ రిబ్బను ఏమిటి, జాకెట్టు గుడ్డలా ఉందని అడిగాడు. జాకెట్టు గుడ్డేననీ, మంచి పట్టుదేననీ కాశమ్మ గుమ్మంలోంచి జవాబిచ్చింది.

మర్నాటికల్లా ఊళ్ళో మాట పుట్టింది. ఓబులేసు పతకం తిరునాళ్ళలో కొన్నదట. నీళ్ళ కుళాయి దగ్గర ఒకావిడ, తనకూ అలాంటిది ఒకటి తెచ్చిపెట్టమని కాశమ్మను అడిగింది. కాశమ్మ బిందె అక్కడే వదిలేసి వచ్చింది. ఆ వారం నన్ను తోమలేదు, కుంకుమా పెట్టలేదు. ఎప్పుడు తోమడం మానుతుందా అని ఎదురుచూసిన నాకు అప్పుడు మాత్రం ఏడుపొచ్చింది. డెబ్బై అయిదేళ్ళ మనిషి దొంగ సిపాయి అనిపించుకుని పోతాడేమోనని భయమేసింది.

ఓబులేసు నన్ను జేబులో వేసుకుని జిల్లా కేంద్రంలోని సైనిక సంక్షేమ కార్యాలయానికి బస్సెక్కాడు. అక్కడ ప్రసూన అనే గుమాస్తా అమ్మాయి ఉంది. చెప్పిందంతా ఓపికగా విని, బుక్కులో పతకం చేర్చమని రికార్డుల ఆఫీసుకు అర్జీ రాసిపెట్టింది. మూడు నెలలకు జవాబొచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఓబులేసు దాన్ని విప్పకుండానే మస్తాన్‌వలి గారి చేతికిచ్చి, సంఘంలో అందరి ముందూ చదవమన్నాడు. తన నిజాయితీ అందరికీ వినపడాలని అతని ఆశ. కాశమ్మ కూడా పట్టుచీర కట్టుకుని వచ్చి కూర్చుంది.

సుబేదారు గారు చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. తర్వాత తెలుగులో చెప్పాడు. సదరు పతకం ఇచ్చిన మాట వాస్తవమేనట. అయితే అది సదరు సిపాయి పత్రంలో లేదట. గిట్ట మీద కాల్చిన నంబరు 4417 గల కంచరగాడిద పత్రంలో నమోదై ఉందట.

జరిగిందేమిటంటే, ఫిరంగిని విప్పి ముక్కలుగా కొండెక్కించేది కంచరగాడిదలు. మనుషులకున్నట్టే వాటికీ నంబరుంటుంది, సర్వీసు పత్రం ఉంటుంది. మా ఓబులేసు ఫిరంగి పేల్చలేదు. ఫిరంగి మోసే గాడిదను నడిపించాడు. ఇద్దరి కాగితాలూ ఒకే ట్రంకుపెట్టెలో పక్కపక్కనే ఉండేవి. చలికి వేళ్ళు వంగని గుమాస్తా ఎవరో ఒక కాగితం బదులు ఇంకో కాగితం తీశాడు. దేశం కోసం ఆరున్నర నెలలు మంచులో బతికినందుకు నన్ను గాడిదకు ప్రదానం చేసేశాడు.

ఇక ఆ నవ్వు ఎలాంటిదో చెప్పలేను. ఒకాయన కట్టుడుపళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. పతకం గాడిదదైతే పింఛను ఎవరిదని ఇంకొకాయన అడిగాడు. ఓబులేసు తల వంచుకుని నిలబడ్డాడు. కాశమ్మ లేచి, ఎవరివంకా చూడకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆమె పనులు మాత్రం మానలేదు. అన్నం పెట్టేది, మంచినీళ్ళు పెట్టేది, గోడవంక తిరిగి కూర్చునేది. మూడో రోజు పొద్దున కాఫీ ఇస్తూ అడిగింది.

"దానికి పేరుందా?"

"లచ్చి," అన్నాడు ఓబులేసు.

"ఆడదా?"

"ఆడదే."

కాశమ్మ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. ఇంత కాలం కాపురంలో ఒక్కరోజు కూడా తనకు చెప్పలేదంటే ఏమనుకోవాలని అడిగింది. గాడిద గురించి చెబితే చులకనైపోతానని భయపడ్డానని అతను నసిగాడు. తను ఫిరంగిని చూసి పెళ్ళి చేసుకోలేదనీ, మనిషిని చూసి చేసుకున్నాననీ ఆమె గదమాయించింది. ఆ శుక్రవారం నన్ను మళ్ళీ తోమింది. ప్రాణం లేచి వచ్చింది.

కానీ పని అక్కడితో తేలలేదు. రికార్డుల ఆఫీసు వాళ్ళు ఉత్తరంతో పాటు ఒక ఫారం పంపారు. దాని మీద సంతకం పెడితే పతకం అతని బుక్కులోకి మారుతుంది. దంపతులిద్దరూ, దారి తప్పకుండా చూడటానికి మస్తాన్‌వలి గారూ కలిసి ప్రసూన దగ్గరికి వెళ్ళారు. ఆమె ఫారం చదివి వినిపించింది. సదరు జంతువు సదరు కొండప్రాంతంలో సదరు సేవ ఎన్నడూ చేయలేదని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

ఓబులేసు కలం మూత పెట్టేశాడు.

"లచ్చి కొండెక్కలేదని నేను సంతకం పెట్టను."

సుబేదారు గారికి ఒళ్ళు మండింది. ఆవిష్కరణ ఇంకా నెలన్నర కూడా లేదన్నాడు. రూలు ప్రకారం గాడిదకు ఆ పతకం రాదు కాబట్టి దానికి పోయేదేమీ లేదన్నాడు. అది చచ్చి ఎన్నేళ్ళయిందో లెక్కవేసి కూడా చూపించాడు. ఒక్క సంతకంతో పరువు నిలబడుతుంటే గాడిద కోసం గాడిదలా మొండికేయడం ఏమిటని అడిగాడు.

"పతకం దానికి వద్దు సాబ్. మెళ్ళో యేసుకుని అది యాడికి పోద్ది. కొండకు రాలేదని మాత్రం రాయొద్దు. వచ్చింది గదా."

కాశమ్మవైపు చూశాను. కుళాయి దగ్గర మళ్ళీ తలెత్తుకోవాలంటే ఆమెకు ఆ సంతకం కావాలి. ఆమె ఫారం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, చేతిసంచిలో వేసుకుంది. ఇంటికి పోదాం పద అంది.

ప్రసూన వాళ్ళను కూర్చోబెట్టింది. తెల్లకాగితం తీసి కొత్తగా అర్జీ రాసింది. సదరు కొండ మీద జంతువుతో పాటు సిపాయి కూడా ఉన్నాడు, అతనికి రావలసింది అతని బుక్కులో రాయండి, జంతువు సంగతి మాకు అక్కర్లేదు అని దాని సారాంశం. దీనికి ఒప్పుకుంటారో లేదో చెప్పలేనంది. దాని మీద ఓబులేసు సంతకం పెట్టాడు.

ఆగస్టు పన్నెండున జవాబు వచ్చింది. సిపాయి బుక్కులో పతకం చేర్చమని ఉత్తర్వు. కింద ఇంకో వాక్యం: సదరు జంతువు సర్వీసు ముగిసినందున దాని పత్రంలో ఇక మార్పులు చేయడం వీలుకాదు. అంటే మనిషి రికార్డు దిద్దడానికి నాలుగు నెలల పైన పడితే, గాడిద రికార్డును దిద్దే మొనగాడు ఈ దేశంలో లేడన్నమాట. ప్రసూన డిశ్చార్జి బుక్కులో "లేవు" అన్న మాట కొట్టేసి, ఎర్రసిరాతో నా పేరు రాసి, సీలు వేసింది. మస్తాన్‌వలి గారు సీలు ఆరేదాకా ఊదుతూ కూర్చున్నాడు.

పదిహేనో తేదీన నన్ను పాత కోటుకు పెట్టుకుని ఓబులేసు రాయి ముందు నిలబడ్డాడు. ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నారు. పిలిచినవాడు మైకు దగ్గరికి వెళ్ళి పతకం ఎందుకొచ్చిందో రెండు ముక్కలు చెప్పాలి. ఓబులేసు వంతు వచ్చేసరికి వెనక వరసలో ఎవరో ఓండ్రపెట్టారు. కొందరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. కోటు లోపల అతని గుండె కొట్టుకోవడం నాకు బాగా వినపడింది.

"నేను పిరంగి పేల్చలా. గాడిదను తోలినా," అన్నాడు. "ఒకరోజు మంచుగాలి లేసింది. కళ్ళు కనపళ్ళా. దారి పోయింది. నేను దాని తోక పట్టుకున్నా. అది నడిచింది. రెండు మైళ్ళు, ఒక పక్కంతా లోయ. ఒక్క అడుగు కూడా తప్పెయ్యలా. గుడారం కాడికి తెచ్చి నిలబెట్టింది. సర్వీసు అయిపోయినాక దానికి సెలవని చెప్పకుండా ఊరికొచ్చేసినా. చెప్తే అది మేత ముట్టదని."

అంతటితో మైకు ముందు నుంచి పక్కకు జరిగాడు. ఎవరూ నవ్వలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి కాశమ్మ లేచింది.

"సుబేదార్ సాబ్, ఆ పేరు కూడా చెక్కించండి."

రూల్లో లేదని చెప్పడానికి ఆయన నోరు తెరిచాడు. మూసుకున్నాడు. రాయి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, ఓబులేసు పేరు కింద ఇంకో వరసకు జాగా ఉందా అని శిల్పిని అడిగాడు.

ఇప్పుడు నేను గూట్లో లేను, గోడ మీద అద్దాల చట్రంలో ఉన్నాను. అది కిటికీకి ఎదురుగా ఉంటుంది కాబట్టి వీధిలో రాయి కనిపిస్తుంది. నాయక్ డి. ఓబులేసు, కింద నేను, నా కింద చిన్న అక్షరాలతో లచ్చి, 4417. కొత్తవాళ్ళు వచ్చినప్పుడు ఆ పేరు దగ్గర ఆగి, ఈవిడ ఎవరని అడుగుతారు. ఎవరు ఎదురైతే వాళ్ళు కాశమ్మను పిలుస్తారు. చెప్పే హక్కు ఊళ్ళో ఆమెదే. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి వస్తుంది.

"మా ఆయన్ని నా కాడికి పంపించిన మనిషి," అంటుంది.