నా దెబ్బకి ఆమె పేరు

“చెల్లెలు వాళ్ళొస్తన్నారు, ఇవాళ డ్యూటీ మానెయ్” అన్నారు మా ఆయన, నేను క్యారేజీ సర్దుకుంటుంటే.

“ముప్పై మంచాలకి ఇద్దరమే ఆయాలమండీ, మానితే...” అంటుండగానే ఆయన విసిరిన ఇత్తడి చెంబు వచ్చి కనుబొమ్మకి తగిలింది. అత్తగారు బుల్లెమ్మగారు గుమ్మంలోంచే చూశారు. “ఎదురు చెప్పకపోతే ఏం పోయేదే? ముందా గచ్చు తుడు, వాళ్ళొచ్చే వేళయింది” అన్నారు. నా రక్తం నేనే తుడుచుకుని, ఇంకోసారి ఎదురు చెప్పనని ఆయనకి క్షమాపణ చెప్పి, ఈ ఒక్క పూటకీ వెళ్ళొస్తానని బతిమాలి, అమలాపురం బస్సెక్కాను.

మానసిక రోగుల ఆసుపత్రి, ఆడవాళ్ళ వార్డు. ఆరేళ్ళుగా స్నానాలు చేయించడం, తినిపించడం, తడిసిన దుప్పట్లు ఉతకడం నా పని. కొరికారు, రక్కారు, ముఖాన ఉమ్మారు. తెలియక చేసే వాళ్ళ మీద కోపం ఇంటిదాకా మోసుకెళ్ళలేదు ఎప్పుడూ.

నాలుగో మంచం సత్యప్రియకి తల దువ్వుతుంటే నా కనుబొమ్మ గాయం మళ్ళీ చిట్లింది. తన చేతి మీద నెత్తుటి చుక్క పడగానే ఆ పిల్ల బెదిరి కేకలు పెట్టింది. సూపర్‌వైజర్ కేశవరావుగారు పరిగెత్తుకొచ్చారు.

“ఎవరు కొట్టేరు, వీరవేణీ?”

“సత్యప్రియండీ.”

అంత తేలిగ్గా వచ్చేసింది. మొగుడు కొట్టాడంటే సాయంత్రానికి ఆసుపత్రంతా చెప్పుకుంటారు. పిచ్చిదాని మీద చెప్పే మాటకి సాక్ష్యం ఎవరడుగుతారు?

ఇద్దరు వార్డుబాయ్‌లు ఆమె రెక్కలు విరిచి, మణికట్లు మంచం ఊచలకి గుడ్డపీలికలతో బిగించారు. “కాళ్ళు పట్టు!” అన్నారు కేశవరావుగారు. పట్టుకున్నాను. ఆమె మడమ నా రొమ్ముకి గుద్దుకుంది. ఊపిరి ఆగినంత పనైంది. అయినా ఆమె మోకాళ్ళ మీద నా బరువంతా వేసి నొక్కాను. “నేను కొట్టలేదు, నేను కొట్టలేదు!” అని అరుస్తుంటే ఒకడు చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి పళ్ళు ఎర్రబడ్డాయి.

అరుపు ఆగిపోయింది. నా కనుబొమ్మ మీది గాయంవైపే చూసింది.

“కొట్టేనేమో అక్కా. నాకు గుర్తుండదు కదా. ఇంకెప్పుడూ కొట్టను, తప్పైపోయింది.”

చెయ్యని తప్పుకి క్షమాపణ చెప్పే ఆ గొంతు నాకు తెలుసు. పొద్దున్న నా నోట్లోంచి వచ్చింది అదే.

నర్సు శారోన్ ఇంజక్షనూ, గాయాలు రాసే రిజిస్టరూ తెచ్చింది. “ఏమని రాయమంటారక్కా?”

ఆమె మోకాళ్ళ మీంచి లేచాను. ముడి బిగుసుకుపోయి వేళ్ళకి రాలేదు. పళ్ళతో లాగి ఆమె కుడిచెయ్యి విప్పాను.

“ఈమె కొట్టలేదు. ఇంటిదగ్గర మా ఆయన కొట్టేరు. నేనే అబద్ధమాడేను.”

“ఉద్యోగం పోద్ది, తెలుసా?” అన్నారు కేశవరావుగారు.

“ఆయ్, తెలుసండీ” అని రెండో చెయ్యి కూడా విప్పాను.

శారోన్ సిరంజి పక్కన పెట్టి కలం తీసింది. “మీ ఆయన పేరు?”

పన్నెండేళ్ళ కాపురంలో ఆ పేరు నేనెన్నడూ నోటితో పలకలేదు.

“ధనరాజు” అన్నాను. “రాయి. ఆ కాగితం పట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను.”