తిన్న తర్వాతే పేరు

"గుంట పూడ్చకుంటే అండ్ల దుకాణం ఎట్ల పెడతరు నాయినా, నువ్వే చెప్పు," అని మహేశ్వర్ మళ్ళీ మొదటికొచ్చాడు.

రాత్రి అన్నాల దగ్గర మొదలైన మాట అది. తెల్లారి చాయ్ చల్లారినా మాట చల్లారలేదు. నడుము ఇక కూర్చోనివ్వనని మొండికేయడంతో రాజమౌళి మగ్గం విప్పించి అటక మీద పెట్టించాడు. మగ్గం పోయింది గాని, నేసేటప్పుడు కాళ్ళు దించుకునే గుంట మాత్రం ముందు గది మధ్యలో నోరు తెరుచుకునే ఉంది. గద్వాల స్టేషన్‌కు పోయే దారి మీద ఇల్లు. సెల్‌ఫోన్ల దుకాణం పెడతానని ఒకతను ఆ గది అడిగాడు. చీరల షాపులో పనిచేసే మహేశ్వర్ గుంట పూడ్చడానికి సాయంత్రానికి ట్రాక్టర్ మొరం మట్టి తెమ్మని చెప్పేసి మరీ వచ్చాడు.

"నా కాళ్ళు పుట్టిబుద్ధెరిగినప్పటి సంది ఆ గుంటల్నే ఉన్నయి. అండ్ల మన్ను పోసుడంటే నా మోకాళ్ళ మీద పోసినట్టే," అన్నాడు రాజమౌళి గోడ వైపు తిరిగి.

"కాళ్ళు నీతాన్నే ఉన్నయి గద మామా, గుంటల లేవు," అంది కోడలు శైలజ వంటింట్లోంచి. మాట మెత్తగానే ఉంది గాని, రాజమౌళి చాయ్ గ్లాసు చప్పుడయ్యేలా కింద పెట్టాడు.

మహేశ్వర్ తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వన్న ఒక మాట చెప్పరాదు?"

రుక్కమ్మ అద్దం ముందు బొట్టు దిద్దుకుంటోంది. పొట్టి మనిషి. ఒకప్పుడు రాత్రింబవళ్ళు మగ్గానికి నూలు కండెలు చుట్టిన చూపుడు వేలి మీద దారం కోసిన గాటు ఇంకా నల్లగా కనిపిస్తుంది. "సాయంత్రం చెప్త బిడ్డా," అని గొడుగు అందుకుంది.

శైలజ నవ్వింది. అత్త సాయంత్రం చెప్తానన్నదంటే ఆ సంగతి ఇక రాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఆ ఇంట్లో మగవాళ్ళు వాదించుకుంటారు, శైలజ గెలుస్తుంది, రుక్కమ్మ వండిపెడుతుంది.

ముసురు రాత్రంతా పడి అప్పుడే కొంచెం తెరిపిచ్చింది. రుక్కమ్మ బురద తప్పించుకుంటూ చర్చి సత్రం వైపు నడిచింది. బోర్డు మీద దాని పేరు వేరే ఉంది గాని ఆటోవాళ్ళ నుంచి టీ కొట్టు దాకా అందరూ అట్లాగే అంటారు. పొడుగాటి పెంకుల ఇల్లు, వరండా, వరసగా నవారు మంచాలు, వెనక వంటశాల. రైలు తప్పినవాళ్ళు, దవాఖానకు వచ్చి పొద్దుపోయినవాళ్ళు, జోగులాంబ దర్శనానికి పోతూ ఆగినవాళ్ళు, ఎవరొచ్చినా అక్కడ ఒక పూట అన్నం, ఒక రాత్రి పడక దొరుకుతాయి. రుక్కమ్మ అక్కడ వండుతుంది, ఊడుస్తుంది, దుప్పట్లు ఉతుకుతుంది.

సత్రాన్ని నడిపేది సౌందర్యక్క. పెళ్ళి చేసుకోలేదు. తెల్ల చీర, చెవులకు ఏమీ ఉండవు, నవ్వితే మాత్రం ముఖమంతా ముడతలు పడుతుంది. వచ్చినవాళ్ళను వరండా మెట్టు మీద నిలబెట్టి, అంచు సొట్టపోయిన రాగి చెంబుతో తానే కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంది. తిన్న తర్వాత హాల్లో ఒక పాట పాడి ప్రార్థన చేస్తుంది. దానికీ ఒకటే మాట: ఇష్టమున్నవాళ్ళు కూర్చోండి, అలసినవాళ్ళు పడుకోండి. కొందరు కూర్చుంటారు, కొందరు అక్కడే గురక పెడతారు.

రుక్కమ్మకు తన మొదటి రోజు ఇప్పటికీ సిగ్గుగానే గుర్తొస్తుంది. విస్తరి ముందు కూర్చున్న ఒక ముసలాయనను, పుట్టింట్లో నేర్చిన అలవాటు చొప్పున, గరిటె చేతిలో పట్టుకుని "మీరు ఏమిటోళ్ళు?" అని కులం అడిగేసింది. ఆయన గతుక్కుమన్నాడు. సౌందర్యక్క గరిటె అందుకుని తనే వడ్డించింది. ఆయన చెయ్యి కడుక్కున్నాక రుక్కమ్మను పక్కకు పిలిచి చిన్నగా అంది. "తిన్నంకనే పేరు అడుగుదం రుక్కమ్మా. ఆకలి మీద ఉన్నోళ్ళు అబద్ధం చెప్తరు."

అంతే. తిట్టలేదు. ఆనాటి నుంచి తిన్న తర్వాతే పేరు.

ఈ రోజుతో అదీ అయిపోతుంది. రోడ్డు వెడల్పులో సత్రం ముందు సగం పోతోంది, మిగిలిన సగంతో సత్రం నడవదు. సౌందర్యక్క సాయంత్రం రైలుకు కర్నూలులో ఉన్న తమ్ముడి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. మంచాలు ఎవరో అడిగి పట్టుకుపోయారు. గిన్నెలు గోనెసంచుల్లోకి ఎక్కాయి. హాలు గోడ మీది బైబిలు కథ బొమ్మను రుక్కమ్మ, సౌందర్యక్క ఇద్దరూ కాసేపు చూస్తూ నిలబడ్డారు. దారిలో దెబ్బలు తిని పడిపోయినవాడిని ఒకాయన గాడిద మీద తెస్తున్నాడు, పూటకూళ్ళ ఇంటాయన వాకిట్లో ఎదురు నిలబడ్డాడు. ఎన్నడో కరెంటు పనికి వచ్చినవాడు సరిగ్గా ఆ పూటకూళ్ళాయన ముఖం మీదే స్విచ్చుబోర్డు కొట్టాడు. చెంబు పట్టుకున్న చెయ్యి ఒక్కటే మిగిలింది.

"పాపం, ఆయన ముఖం నేను ఒక్కసారన్న చూడకపోతి," అంది రుక్కమ్మ.

అప్పుడే బయట కలకలం వినిపించింది.

అలంపురం వైపు పట్టాల మీదికి వాగు నీళ్ళొచ్చాయట. కర్నూలు పోయే రైలును స్టేషన్‌లో ఆపేశారట. ఎప్పుడు వదులుతారో తెల్వదంటున్నారట. ఇదంతా ఒకేసారి చెబుతూ జనం వరండా ఎక్కుతున్నారు. తడిసిన బ్యాగులు, ఏడుస్తున్న పిల్లలు, చెప్పులు చేత పట్టుకున్న ముసలివాళ్ళు. సత్రం మూసేశారన్న సంగతి వాళ్ళెవరికీ తెలియదు.

సౌందర్యక్క రుక్కమ్మ వంక చూసింది. రుక్కమ్మ అప్పటికే వంగి గోనెసంచి ముడి విప్పుతోంది.

పెళ్ళిళ్ళ ముందు చీరల ఆర్డర్లు మీద పడ్డప్పుడు వాళ్ళ మగ్గం ఎట్లా ఆడేదో, అట్లా ఆడింది ఆమె ఒళ్ళు. పొయ్యి రాజేసింది. ఉన్న బియ్యం కడిగింది. అన్నం వండే గంజు చాలదని తెలియగానే గొడుగు మరిచిపోయి ఇంటికి పరుగెత్తింది. మూలన బోర్లించిన పెద్ద గంజు ఎత్తుకోబోతుంటే శైలజ అడ్డం వచ్చి ఏమైందని అడిగింది. రుక్కమ్మ రొప్పుతూ చెప్పింది. శైలజ గంజుకు రెండో కొస పట్టుకుంది.

కోడలు చర్చి సత్రం గడప తొక్కడం అదే మొదలు. ఉల్లిగడ్డలు తరుగుతూ చుట్టూ చూసింది. ఇంట్లో పిల్లిలా తిరిగే అత్త ఇక్కడ నీళ్ళు ఇటు, విస్తర్లు అటు అని మగవాళ్ళకు పనులు చెబుతుంటే, వాళ్ళు చేస్తుంటే, కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయింది.

"అత్తా, నీకు ఇంత గొంతు ఉన్నదా?"

"నోరు గాదే, చెయ్యి ఆడనియ్యి," అంది రుక్కమ్మ. నవ్వు ఆగడం లేదు ఆమెకు.

మధ్యాహ్నానికి హాల్లో కాలు పెట్టే చోటు లేదు. తన అత్తతో రైలు దిగి వచ్చిన ఒక నిండు గర్భిణి గోడకు ఆనుకుని చెమటలు కక్కుతోంది. నడుం వాల్చడానికి మంచం లేదు. రుక్కమ్మ హాలంతా ఒకసారి కలయజూసింది. తర్వాత రాగి చెంబు చేత పట్టుకుని, ఇద్దరినీ వెంటబెట్టుకుని ఇంటికి నడిచింది.

వాకిట్లో ఆ అమ్మాయి ఉబ్బిన కాళ్ళ మీద నీళ్ళు పోస్తుంటే రాజమౌళి తలుపు దగ్గర నిలబడి చూశాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచాడు. "ఏ ఊరోళ్ళు? ఎవరి..."

"తిన్నంక అడుగు," అంది రుక్కమ్మ తలెత్తకుండా.

కాపురానికి వచ్చాక ఆమె అతని మాటకు అడ్డం పడడం అదే మొదటిసారి. రాజమౌళి తలుపు దగ్గర నుంచి పక్కకు తప్పుకున్నాడు. లోపలికి పోయి చాప పరిచాడు. గుంట వంక చూశాడు, అమ్మాయి వంక చూశాడు. నడుము పట్టుకుని, మూలన ఆనించిన పాత చెక్క పలకలు ఒక్కొక్కటే ఈడ్చుకొచ్చి గుంట మీద అడ్డంగా పేర్చాడు. పైన నిలబడి రెండు సార్లు తొక్కి చూశాడు. "ఇగ భయం లేదు బిడ్డా. అయినా జర పైలం," అన్నాడు. ఆ అమ్మాయి అన్నం తిని, పలకల పక్కన చాప మీద ఒత్తిగిలి హాయిగా నిద్రపోయింది. రాజమౌళి ఈగలు వాలకుండా చాలాసేపు విసనకర్ర ఊపుతూ కూర్చున్నాడు.

పొద్దు వాలేసరికి వాన ఆగింది. దారి బాగైంది, రైలు వదులుతున్నారని కబురు వచ్చింది. సత్రం వచ్చినంత తొందరగా ఖాళీ అయిపోయింది. రుక్కమ్మ ఇంటికి వచ్చి గర్భిణిని లేపింది. ఇప్పుడు అడగొచ్చు కనుక పేరు అడిగింది. సుమన అని చెప్పి, చెప్పులు వేసుకుంటూ ఆ అమ్మాయి తిరిగి అడిగింది.

"మీ పేరేంటిది పెద్దమ్మా? పిల్ల పుడితే చెప్పుకోవాలె గద, ఎవరింట్ల పండుకుంటినో."

ఎంతోమంది పేర్లు అడిగింది గాని, దారిన పోయేవాళ్ళలో తన పేరు అడిగినవాళ్ళెవరూ గుర్తులేరు రుక్కమ్మకు. చెప్పడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

స్టేషన్‌లో సౌందర్యక్కకు కిటికీ పక్కన చోటు దొరికింది. ఒక చిన్న సంచి, అంతే ఆమె సామాను. కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటపెట్టి రుక్కమ్మ తల మీద ఉంచి పెదవులు కదిపింది. ప్రార్థన చివర్న అనే ఆమెన్ అన్న మాట రుక్కమ్మ ఎన్నడూ అనలేదు, అనమని సౌందర్యక్క ఎన్నడూ చెప్పలేదు. "పెద్ద గంజు మీ ఇంటిదే గద, మరిచిపోకు," అంది సౌందర్యక్క. రైలు కదిలింది. తెల్ల చీర కొంగు కొంతదూరం కనిపించింది. తర్వాత రైలు మాత్రమే కనిపించింది.

తిరిగొచ్చేసరికి ఇంటి ముందు మొరం ట్రాక్టర్ ఆగి ఉంది. డ్రైవర్ తొందర పెడుతున్నాడు. మహేశ్వర్ పార పట్టుకుని ఉన్నాడు. రాజమౌళి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు, పలకలు తియ్యనివ్వనంటున్నాడు. శైలజ ఈసారి ఎవరి పక్కా మాట్లాడడం లేదు.

రుక్కమ్మ కాళ్ళు కడుక్కుని గడప మీద కూర్చుంది.

"పొద్దుగాల సాయంత్రం చెప్తనంటి గద మహేశూ," అంది. గొంతు పెంచలేదు. అందరూ ఇటు తిరిగారు. "మొరం వాకిట్ల పొయ్యమను. వానకు బురద అయితుంది, వచ్చేటోళ్ళ కాళ్ళు జారుతయి."

"ఎవరొస్తరమ్మా?"

"రైలు తప్పినోళ్ళు. దవాఖానకు వచ్చినోళ్ళు. గుంట ఉండనీ, అండ్ల చాపలు, దుప్పట్లు పెడత. మీద పలకలుంటయి. ఈ గది ఇగ వాళ్ళది. నేను చూసుకుంట."

మహేశ్వర్ పార నేలకు ఆనించాడు. "చర్చి సత్రం మనింటికే తెస్తవా? పాటలు, ప్రార్థనలు గూడనా?"

"పాట నాకు రాదు. అన్నం వస్తది. అర్రల మన జములమ్మ తల్లి పటం యాడ ఉన్నదో ఆడ్నే ఉంటది. వచ్చినోళ్ళను తిన్నదాక పేరు అడగొద్దు, గంతే."

రాజమౌళి తలుపుకు అడ్డం తప్పుకుని, పలకల మీద మెల్లగా కూర్చుని కాళ్ళు చాపుకున్నాడు. మహేశ్వర్ పార భుజాన వేసుకుని ట్రాక్టర్ దగ్గరికి పోయాడు. వాకిట్లో, ఈ చివర నుంచి ఆ చివరకు పరిచి పొయ్యమని డ్రైవర్‌కు చెప్పడం వినిపించింది.

దీపం పెట్టబోతూ శైలజ గడప పక్కన ఆగింది. "అత్తా, సత్రం చెంబు ఈడ్నే ఉండిపాయె గద. అక్కకు ఇయ్యకపోతివి?"

సౌందర్యక్క కూడా అడగలేదు. అంచు సొట్టపోయిన ఆ రాగి చెంబు, చూరు నుంచి ఇంకా రాలుతున్న చుక్కలతో, గడప పక్కన సగం నిండి ఉంది.