వడియాలు పెట్టని ఇల్లు

తిరుపతయ్య బిర్యానీ గిన్నె అడుగు గీరుతున్నాడు. లైప్‌జిగ్‌లోని ఆ చిన్న హోటలు వంటగదికి ఆయనే రాజు, ఆయనే బంటు. అది రెండో కరోనా చలికాలం. కూర్చుని తినేవాళ్ళు పలచబడి పార్సెళ్ళే మిగిలాయి. ఆయన చేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, ముంజేతి మీద పెనం అంచు కాల్చిన గీత. ఏళ్ళ తరబడి పొయ్యి మీదికి వంగి వంగి భుజాలు అలాగే ఉండిపోయాయి. శ్రీకాకుళం దగ్గర చోళ్ళు, అదే రాగులు, పండించుకున్న కుటుంబం. పొలం పోయాక దుబాయ్, అక్కణ్ణించి ఇక్కడికి. పెళ్ళి ఊసు ఎప్పుడో మరిచాడు. తండ్రి పోయాక ఆ ఇంటిపేరుతో మిగిలింది తనొక్కడే. ఆ సంగతి ఆయన్ని లోలోపల కొరుక్కుతినేది.

ముత్తాత తమ్ముడు చెరకు తోటల పనికి ఓడెక్కి మారిషస్ పోయాడని నాయనమ్మ చెప్పేది. లాక్‌డౌన్ తీరికలో తిరుపతయ్య ఆ ఓడ వెంట పడ్డాడు. అక్కడివాళ్ళకి ఇంటిపేర్లే గుర్తు లేవు. చివరికి మారిషస్ తెలుగువాళ్ళ ఫేస్‌బుక్ గ్రూపులో ఒక వింత ప్రశ్న వేశాడు: "మీలో గుమ్మడి వడియాలు పెట్టే ఆనవాయితీ లేని ఇల్లుందా?" అంతా నవ్విపారేశారు. ఛాయాదేవి అనే టీచరమ్మ మాత్రం, బళ్ళో నేర్చిన పుస్తకాల తెలుగులో, "మా ఇంట లేదు. కారణము ఎవరికీ తెలియదు" అని జవాబిచ్చింది.

కారణం తిరుపతయ్యకు తెలుసు. ఓడెక్కినవాడి తల్లి వడియాలు ఎండబెడుతూ పాము కరిచి చనిపోయింది. అప్పట్నించి ఆ వంశంలో ఎవరూ వడియాలు పెట్టరు. కారణం మరిచినా కట్టుబాటు మరవలేదంటే వీళ్ళు నావాళ్ళేనని పొంగిపోయాడు. ఛాయాదేవి తాత సింహాద్రి మాత్రం పొంగలేదు. "వడియాలు పెట్టని కొంపలు బోలెడు" అంటూ ఫోను దగ్గరికే రాలేదు. తిరుపతయ్యకు కావలసిందల్లా ఆ పెద్దాయన ఒక్కసారి ఔననడం. ఇంతలో సింహాద్రికి కరోనా సోకింది.

"అన్నా, రెండు బిర్యానీ, ఒక పనీర్. జల్ది!" కౌంటర్ దగ్గర్నుంచి యజమాని ప్రవీణ కేకేసింది.

"అలాగేనమ్మా."

ఉల్లిపాయలు వేగుతుండగా ఫోను మోగింది. ఛాయాదేవి.

"తాతగారు ఈ ఉదయము పోయినారు," అంది. "నిన్న ఒక మాట చెప్పినారు. 'నేను పోతే లైప్‌జిగ్ వానికి వెంటనే తెలుపు. వానికీ మైలే. తెలియక పొయ్యి ముట్టుకుంటాడు' అన్నారు."

మైల రక్తం పంచుకున్న దాయాదికే. పరాయివాడికి ఆ కబురు ఎవరంపుతారు? తిరుపతయ్య పొయ్యి ఆపేశాడు. వంటగది వెనక స్నానాలగదిలో కట్టుబట్టలతోనే షవరు కింద నిలబడ్డాడు. దుఃఖమో సంతోషమో తేల్చుకోలేక చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

బట్టలు మార్చుకుని వచ్చిన మనిషి తల ఇంకా తడిగానే ఉంది. ప్రవీణ కంగారుపడింది. "ఏమైందన్నా? టెస్టు పాజిటివ్ వచ్చిందా?"

"నేదమ్మా, మైల. నాను పొయ్యి ముట్టకూడదు."

"అయ్యో, ఎవరు పోయిన్రు?"

"మా పెదనాన్న."

ఆ పిలుపు ఆయన నోట రావడం జీవితంలో ఇదే మొదలు. ప్రవీణ ఆర్డర్లు ఆపేసి, ఆయనకు వెనక తలుపు తీసింది. ఆయన వెళ్ళిపోయాక, షవరు పక్క కొక్కేనికి వేలాడుతున్న పసుపు మరకల ఏప్రన్ నుంచి నీళ్ళు చాలాసేపు కారుతూనే ఉన్నాయి.