వేసవిలో రమ్మంది

"ఆ దేశంలో మనుషులు చచ్చిపోని నెల ఏదైనా ఉంటే చూసి చెప్పు బాబూ," అన్నాను.

టికెట్లాయన కంప్యూటర్ మీంచి తలెత్తి నా వంక అయోమయంగా చూశాడు. పక్కన కూర్చున్న మా తమ్ముడు నవ్వాపుకోలేకపోయాడు. దర్జీ వాడు. పొద్దస్తమానం మిషనుతో తప్ప మాట్లాడే దిక్కుండదు, అందుకని బయటికొస్తే వాడి నోటికి పట్టపగ్గాలుండవు.

"ఏమనుకోకండి. మా అక్క గొడుగు వేసుకుని, దాని కింద రెయిన్‌కోటు కూడా తొడుక్కునే రకం," అన్నాడు.

నవ్వితే నవ్వనీ. టీవీలో ఆ దేశం పేరు వినబడితే చాలు, నా గుండెల్లో రాయి పడుతుంది. తుఫానో, కొండచరియో, కొత్త జ్వరమో. మా అమ్మాయి చిట్టి ఆరేళ్లుగా అక్కడే, ఏటికి అవతల కొండ మీది ఆస్పత్రిలో నర్సు. అక్కడి అబ్బాయినే పెళ్లి చేసుకుంది, పాప పుట్టింది. పాపకు పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. దాన్ని వదిలేసి తను రావడానికి లేదు. పోనీ ఫోనులో చూసుకుందామంటే ఆ కొండ మీద సిగ్నలు అంతంతమాత్రం. దాని మొహం గళ్లు గళ్లుగా విడిపోయి, ఏది కన్నో ఏది ముక్కో తెలియదు.

నాకేమో కళ్లకు నీటికాసులు. ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో చూపు అంచుల నుంచి మూసుకుపోతూ, ఇప్పుడు తలుపు సందులోంచి చూసినట్టు ఉంది. చుక్కలు వేస్తే నెమ్మదిస్తుంది తప్ప పోయింది తిరిగి రాదట. "చూడాలనుకున్నవి ఉంటే ఈ ఏడే చూసేయండమ్మా," అన్నారు కళ్ల డాక్టరుగారు. నేను చూడాలనుకున్నవి రెండే మొహాలు.

"అయితే ఈ నెలలోనే వెళ్లిపోండి," అన్నాడు టికెట్లాయన. "ఫిబ్రవరిలో అక్కడ వాన చుక్క ఉండదు."

"అమ్మో! తెల్లారుజామున దుప్పటి తియ్యబుద్ధి కావట్లేదు, ఇంకా చలికాలమే. చలికాలంలో మాత్రం రావద్దంది మా అమ్మాయి. అప్పుడు ఏరు దాటనివ్వరట. వేసవిలో రమ్మంది."

ఆయన బుర్ర గోక్కున్నాడు. "అక్కడ చలి ఎక్కడుందండీ? ఏడాది పొడుగునా ఉక్కే కదా."

"మీరెప్పుడైనా వెళ్లారా?"

"లేదండీ."

"మా అమ్మాయి ఆరేళ్ల నుంచి అక్కడే ఉంటోంది."

ఆయన మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాడు. "మే నెలకి ఇచ్చెయ్యండి. మా అక్క ఒకసారి భయపడిందంటే ఇక బ్రహ్మకూడా మార్చలేడు," అన్నాడు తమ్ముడు.

చిట్టికి ఫోను చేసి, వేసవిలో వస్తున్నామని అరిచి చెప్పాను. "మంచిదమ్మా, వేసవైతే నేనే ఒడ్డుకొచ్చి..." అంటుండగా లైను తెగింది. తేదీలు రాసి తమ్ముడు పంపిన మెసేజి ఒంటి టిక్కుతో అలాగే వేలాడుతూ ఉండిపోయింది. మరోసారి ఎప్పుడో లైను కలిసినప్పుడు, "ఇంకెప్పుడమ్మా? వేసవి అయిపోవస్తోంది!" అంది, అంతలోనే మళ్లీ తెగింది. ఇంకా మొదలే కాలేదు, దీనికి చిన్నప్పటి నుంచీ తొందరే అనుకున్నాను.

మేం దిగేసరికి కుండపోత. విమానం దిగి బస్సెక్కాం. బస్సు దిగాక ఏటి ఒడ్డున ఒక లాడ్జి. రేకుల కప్పు మీద వాన మోతకు పక్కనున్న తమ్ముడి మాట కూడా వినబడలేదు. గోడలు చెమ్మ, పక్క చెమ్మ, ఫ్యాను తిరుగుతున్నా ఒళ్లంతా చెమట. పడవలన్నీ ఒడ్డుకు లాగి బోర్లించి ఉన్నాయి. పడవవాణ్ణి అడిగితే ఏటి వంక చూపించి, అరచేతిని గొంతు మీద అడ్డంగా గీసుకున్నాడు. ఆ భాషకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

లాడ్జి ఆవిడ తన ఫోనులో ఆస్పత్రి నంబరు కలిపి ఇచ్చింది.

"ఎక్కడున్నావ్?" అంది చిట్టి.

"ఇక్కడే తల్లీ, ఏటి ఒడ్డున."

"అమ్మా! చలికాలంలో రావద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను కదే!"

"చలికాలమేమిటే? చెమటకి బట్టలు తడిసి ముద్దవుతుంటే!"

"అయ్యో..." అంది. "ఇక్కడ వానాకాలాన్నే చలికాలం అంటారమ్మా. వానలు లేకపోతే వేసవి. అందరూ అలాగే అంటారు. నాకూ నోటికి అలాగే వచ్చేస్తోంది."

ఆ మాటలు దానికి పలక మీద దిద్దించింది నేను.

"ఏరు ఎప్పుడు తీస్తుంది?"

"నవంబరు దాకా తియ్యదమ్మా."

మా వీసా గడువు ఆ నెలాఖరుతో సరి. "ఈత వచ్చుంటే నేనే వెళ్లి ఇద్దరినీ భుజాన వేసుకొచ్చేవాణ్ణి," అన్నాడు తమ్ముడు. వాడి హాస్యానికి వాడే నవ్వలేకపోయాడు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు కాస్త తెరిపిచ్చింది. పాపను ఎత్తుకుని అవతలి ఒడ్డుకు దిగుతానని చిట్టి కబురు చేసింది. ఉతికిన బట్టలు కట్టుకుని, జుట్టు దువ్వుకుని, తమ్ముడి చెయ్యి పట్టుకుని బురదలో నిలబడ్డాను. పిల్ల జారుతుందేమో, ఒడ్డు విరుగుతుందేమో అని ప్రాణం పీకుతూనే ఉంది.

"అదిగో అక్కా! పసుపుపచ్చ గొడుగు! చంకలో పాప! చెయ్యి ఊపుతోంది చూడు!"

నా తలుపు సందును అటు తిప్పాను. ఎర్రటి నీళ్లు. కొట్టుకుపోతున్న మాను. మళ్లీ నీళ్లు. తమ్ముడు సూదిలో దారం ఎక్కించేంత జాగ్రత్తగా నా గడ్డం పట్టుకుని కొంచెం కుడికి, కొంచెం పైకి తిప్పాడు. నీళ్లే.

"కనబడిందా?"

చెయ్యి ఎత్తి ఊపాను, అది ఉందన్న వైపు. చెయ్యి నొప్పి పుట్టేదాకా ఊపాను.

"కనబడింది," అన్నాను.

"ఎలా ఉంది?"

"చిక్కిపోయిందిరా."

ఫోనులో దాన్ని చూసినప్పుడల్లా నేను ఆ మాటే అంటానని నవ్వేవాడు. ఈసారి నవ్వలేదు. మళ్లీ వాన మొదలైంది. గొడుగు విప్పి నా నెత్తి మీద పట్టుకుని, వాడు తడుస్తూ నిలబడ్డాడు.