ఆరున్నొక్కటి

ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. గోపాల్ అన్నం తిని చేయి కడుక్కొని వచ్చేసరికి కూతురు నిహారిక అల్మారా కింది అరలోంచి బింగో డబ్బా తీసి, నడింట్లో పెట్టుకొని కూర్చుంది. తల్లి శైలజ చనిపోయాక ఆ డబ్బాను ఎవరూ ముట్టలేదు. ఆ పిల్ల తనంతట తాను ఏదైనా కావాలనడం కూడా అప్పటి నుంచి ఇదే మొదలు.

"ఆడుదామా బాపు?"

"ఆడుదాం బిడ్డా," అన్నాడు గోపాల్. ఈ ఒక్క ఆట చివరిదాకా సాగాలి, బిడ్డ మొహం మీద ఒక్కసారి నవ్వు కనబడాలి. అంతకు మించి అతనికి ఏ కోరికా లేదు.

పెద్దకర్మ నాడు, గోడకు ఆనుకొని ఏడుస్తున్న తల్లినీ చెల్లెనూ అతను ఒక్క కసురుతో ఆపాడు. "పిల్ల ముంగట ఏడుపు మాటే రావొద్దు ఇంట్ల" అన్నాడు. తలుపు పక్కన నిలబడి నిహారిక కూడా విన్నది. ఆ తర్వాత ఆ పిల్ల కంట నీరు పెట్టలేదు. "నా బిడ్డకు ధైర్యమెక్కువ" అని గోపాల్ బడిలో తోటి పంతుళ్లతో చెప్పుకున్నాడు. వాళ్లూ మెచ్చుకున్నారు.

చిట్యాల నుంచి వచ్చిన చెల్లెలు అండాలు, ఆమె కొడుకు రిత్విక్, తల్లి జానమ్మ చాప చుట్టూ చేరారు. తలా ఒక అట్ట, గుప్పెడు చింతగింజలు పంచుకున్నారు. అంకెల బిళ్లలున్న గుడ్డసంచి మాత్రం చాప మధ్యనే ఉండిపోయింది. సంచిలో చేయి పెట్టి అంకెలు చెప్పే పని ఎప్పుడూ శైలజదే. నిహారికే కాసేపు చూసి ఆ సంచిని నాయనమ్మ ఒళ్లో పెట్టింది.

"నువ్వు చెప్పు అవ్వా."

"నాకేమొస్తది బిడ్డా?"

"బస్సు నెంబర్లు చదువుతవు గదా."

"అది మీ బాపు తిడ్తడని చదువుత. ఓపాలి తప్పి హాలియా బస్సెక్కి, జర దూరం పోయినంక దిగిన గద," అంటూనే జానమ్మ సంచిలో చేయి పెట్టింది. బిళ్లను కంటికి దూరంగా పట్టుకొని చూసి, గొంతు సవరించుకొని, "లాభం!" అంది.

రిత్విక్ అట్టంతా వెతికాడు. "నా దాంట్ల లాభం లేదు అమ్మమ్మా!"

"ఒకటి రా," అంది అండాలు. "వడ్లు కొలిచేటప్పుడు మొదటి మానికెను ఒకటి అనరు. లాభం అంటరు."

"మరి నష్టం ఎంత?"

అందరూ నవ్వారు. నిహారిక పెదవి కూడా ఒక పక్కకు కదిలింది. గోపాల్ చూశాడు. లెక్కల పంతులుగా అంకెను అంకె పేరుతోనే పిలవాలని బడిలో పట్టుబట్టేవాడు, ఇప్పుడు మాత్రం ఏమీ అనలేదు.

ఆట సాగింది. జానమ్మకు ఊపొచ్చింది. అట్టల మీద గింజలు నిండుతున్నాయి. చివరికి రిత్విక్‌కు ఆరు మిగిలింది, నిహారికకు ఏడు మిగిలింది. ఇద్దరూ మోకాళ్ల మీద లేచి కూర్చున్నారు. నిహారిక గింజను రెండు వేళ్లతో పట్టుకొని ఏడు అంకె మీదే ఉంచింది.

జానమ్మ బిళ్ల తీసింది. చూసి, గభాలున పిడికిలి మూసింది. మనవరాలి వైపు ఒకసారి చూసి మెల్లగా అంది.

"ఆరున్నొక్కటి."

"ఆరు! ఒకటి! ఆరు నాదే!" రిత్విక్ చాపను చరిచాడు. గింజలు ఎగిరిపడ్డాయి. "బింగో!"

నిహారిక పట్టుకున్న గింజను కుప్పలో వేసి, చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆ చేతులు చూసి గోపాల్ కోపం ఆపుకోలేకపోయాడు. "ఏ బిళ్ల అమ్మా? ఇటియ్యి." పిడికిలి విప్పించి చూశాడు. "ఇది ఏడు! ఏడుని ఏడు అనడానికి నీకేమైంది?"

"అదే అన్న గద కొడుకా. ఆరుకు ఒకటి కలిపితే..."

"అది వడ్ల కాడ! గీడ వడ్లున్నయా? పిల్లలు తికమకపడ్తలేరా? ఏడు అను."

"అన్నా, ఊకో. ఆటనే గదా," అంది అండాలు.

"నువ్వూకో. అనాలె. అను అమ్మా."

జానమ్మ తల దించుకుంది. గొర్రెలు కాసిన రోజుల్లో మందలో తోడేలు పడ్డా అదరని మనిషి, కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "నువ్వే అంటివి గద కొడుకా, పిల్ల ముంగట ఆ మాట రావొద్దని. గందుకే నోట్లకెల్లి రాలేదు."

గోపాల్‌కు ఆ మాట చెవికి ఎక్కలేదు. "అను" అన్నాడు మళ్లీ, బడిలో పిల్లవాణ్ని నిలబెట్టి అడిగినట్టు.

జానమ్మ మనవరాలి వైపు తిరిగింది. "ఏడు," అంది.

నిహారిక చటుక్కున తలెత్తింది. అట్ట వైపు చూడలేదు. అవ్వ మొహం చూసి, తర్వాత తండ్రి మొహం చూసింది.

"ఏడ్వొచ్చునా బాపు?"

 గోపాల్ చేతిలోని బిళ్ల వైపు చూశాడు. ధైర్యం అని నలుగురిలో చెప్పుకున్నది ఏమిటో అప్పుడు తెలిసింది. పిల్ల తన అనుమతి కోసం కాచుకొని ఉంది. జవాబు చెప్పాలని నోరు తెరిచాడు. తల్లి చేత పట్టుబట్టి అనిపించిన మాట అతని గొంతు దాటి రాలేదు. తల మాత్రం ఊపాడు.

నిహారిక అవ్వ ఒళ్లో పడింది. మొదట శబ్దం లేదు. తర్వాత వచ్చింది.

రిత్విక్ తన అట్ట మీది ఆరో అంకె గింజను చప్పుడు కాకుండా తీసి కుప్పలో వేశాడు.

జానమ్మ పిల్ల వీపు నిమురుతోంది. కళ్లు నిండి ఉన్నాయి కానీ రెప్ప వాల్చలేదు. ఆ కళ్లతో కొడుకునే చూస్తోంది. ఎందుకలా చూస్తోందో గోపాల్‌కు ఒక క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ చూపును తట్టుకోలేకపోయాడు. చేతిలోని బిళ్లను చాప మీద పెట్టి, నేల చూస్తూ అన్నాడు.

"నువ్వు గూడ అమ్మా."