మొరాకో దాకా వెళ్లిన కుక్కర్

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. ఇద్దరికో ముగ్గురికో వండిపెట్టే చిన్నాచితకా కుక్కర్‌ని కాదు, ఒక్క దఫాలో బస్సెడు మందికి అన్నం వండే పెద్ద సైజు. నాకు కుదురు తక్కువ. కింద మంట తగిలితే చాలు, లోపల ఏదో తోసుకొస్తుంది. బయటికి కక్కేదాకా ఊపిరాడదు. కాబట్టి ఈ కథ కూడా తొందర తొందరగానే చెబుతాను. కాస్త వెనక్కి జరిగి వినండి, ఆవిరి తగులుతుంది.

నన్ను కోయంబత్తూరు దగ్గర ఒక కార్ఖానాలో అల్యూమినియం రేకును అచ్చులో పెట్టి నొక్కి చేశారు. కొన్నాళ్లు అనకాపల్లిలో ఒక హాస్టల్లో పనిచేశాను. అక్కడ నీళ్లలో పప్పు చూపించి, దాన్ని సాంబారు అనేవారు. తర్వాత పెళ్లిళ్లకు వంటలు చేసే ఒకాయన కొనుక్కుని, ఎవరూ ఎత్తుకుపోకుండా నా నడుం మీద తన పేరు చెక్కించాడు. మర్నాడో ఆ మర్నాడో తానే అమ్ముకున్నాడు. మనుషులకు పేరు రాసుకునే సరదా ఉన్నంతగా ఉంచుకునే ఓపిక ఉండదు. ఆ పేరు అలాగే మోసుకుంటూ విజయవాడలో ఒక యాత్రల కంపెనీకి చేరాను.

ఆ కంపెనీ తెలుగువాళ్లను విదేశాలు తిప్పుతుంది. ఎక్కడికి తీసుకెళ్లినా రాత్రికి అన్నం, పప్పు, ఆవకాయ పెడతామని వాళ్ల మాట. అందుకని బియ్యం బస్తాలతోపాటు నన్నూ, వంటమనిషి నూకరత్నాన్నీ విమానం ఎక్కించేవారు. రత్నమ్మది పూడిమడక, సముద్రం ఒడ్డు. మనిషి గట్టిది, మాట తక్కువ. మేమిద్దరం ఏడు దేశాలు తిరిగాం. ప్రయాణికులు కోటలూ జలపాతాలూ చూడ్డానికి వెళ్లినప్పుడు మేము హోటలు వెనక వంటగదిలో ఉండేవాళ్లం. వాళ్లు తిరిగొచ్చేసరికి అన్నం పొగలు కక్కాలి కదా. వడ్డనలయ్యాక ఆమె గిన్నె అడుగున మిగిలింది నిలబడే తినేది.

ఊరికి వెళ్తే వీధిలో వాళ్లంతా చుట్టూ చేరేవారు. ఆ దేశం ఎలా ఉంది, ఏం చూశావు అని అడిగేవారు. రత్నమ్మ చెప్పేది, బ్రహ్మాండంగా చెప్పేది. అవన్నీ ప్రయాణికులు భోజనాల దగ్గర చెప్పుకుంటుంటే విన్నవి. నా మూత తుడుస్తూ ఒక్కోసారి తనలో తానే అనుకునేది, మోకాళ్లు పూర్తిగా మొరాయించేలోగా ఒక్క దేశమైనా తన కళ్లతో చూడాలని. నేను పెద్దగా పట్టించుకోలేదు. నాకు నా ప్రయాణాలే గొప్పగా ఉండేవి.

మొరాకో మా ఎనిమిదో దేశం. మర్రాకెష్ హోటల్లో దిగాక నా రబ్బరు వదులైందని రత్నమ్మ కనిపెట్టింది. మూతకూ నాకూ మధ్య ఉండే ఆ రబ్బరు చుట్టు లేకపోతే ఆవిరి నిలవదు. మన ఇళ్లలో దానికి ఒక చిట్కా ఉంది, మీకూ తెలిసే ఉంటుంది. వదులైన రబ్బరును ఫ్రీజర్లో పడేస్తే మళ్లీ బిగుస్తుంది. రత్నమ్మ కూడా హోటల్ ఫ్రీజర్లో, మాంసం పొట్లాల పక్కన పెట్టింది. పొద్దున్నే బస్సు తొందర. టూరు మేనేజరు శేషుకుమార్ వెళ్దాం వెళ్దామని చప్పట్లు కొడుతున్నాడు. రబ్బరు ఫ్రీజర్లోనే ఉండిపోయింది.

ఆ సంగతి అట్లాస్ కొండలు ఎక్కాక, ఎర్రమట్టి గోడల పల్లెలో బయటపడింది. ఆ రాత్రికి మా బస ఇత్తో అనే ఆవిడ ఇంట్లో. రత్నమ్మ బియ్యం పోసి, మూత పెట్టి, రబ్బరు కోసం సంచులన్నీ తిరగేసింది. అది మర్రాకెష్ ఫ్రీజర్లోనే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. అంత ఎత్తులో నీళ్లు ఊరికే మరుగుతాయి, మెతుకు మాత్రం ఉడకదు. నా మూత చుట్టూ ఆవిరి బుసబుసా పోతుంటే సిగ్గుతో చచ్చిపోయాను. ఎంతసేపు మండించినా బియ్యం పలుకు పలుకుగానే ఉంది. శేషుకుమార్ అందరి ముందూ ఆమె మీద ఎగిరాడు. భ్రమరాంబ గారనే రిటైర్డు లెక్చరరు, అన్నం తినకపోతే తనకు కళ్లు తిరుగుతాయని, ఇప్పటికే తిరుగుతున్నాయని చెప్పి కూర్చుండిపోయారు.

ఇత్తోకు మన భాష రాదు, మనకు ఆవిడ భాష రాదు. ఆవిడ వచ్చి రత్నమ్మ చేతిలోని గరిటె తీసుకుని పక్కన పెట్టింది. భుజాలు పట్టుకుని తివాచీ మీద కూర్చోబెట్టింది. ఇంటికొచ్చిన మనిషి తన పొయ్యి దగ్గర నిలబడ్డం ఆవిడకు నచ్చలేదని బస్సు డ్రైవరు లహ్సెన్ శేషుకుమార్‌కు ఇంగ్లీషులో చెప్పాడు. తర్వాత మట్టి పొయ్యిలో కాల్చిన రొట్టెలు, ఆలివ్ నూనె, నెత్తిన టోపీ పెట్టుకున్న మట్టిపాత్రలో కూరగాయలు వచ్చాయి. ఆ మట్టిపాత్రను చూస్తే ఒళ్లు మండింది. ఒక విజిల్ లేదు, కేక లేదు, నిప్పుల మీద ముంగిలా కూర్చుని ఉడికించేస్తుంది. భ్రమరాంబ గారు మూడు రొట్టెలు తిన్నారు. రత్నమ్మ అందరి మధ్యా కూర్చుని, పుదీనా టీ రెండోసారి పోయించుకుని తాగింది.

మర్నాటి నుంచి నాకు పని లేదు. బస్సు కొండలు దిగి, ఖర్జూర తోటలు దాటి ఎడారిలోకి పోయింది. నేను వెనక సీటు కింద ఇటు దొర్లి అటు దొర్లి చొట్టలు పడ్డాను. పనిలేని కుక్కర్ బతుకు ఎంత నరకమో మీకు చెప్పలేను. ఇసుక దిబ్బల దగ్గర గుడారాల్లో దించారు. అక్కడి వంటవాళ్లే అన్నీ చేశారు. సాయంత్రం రత్నమ్మ నన్ను కడిగి, అలవాటు ప్రకారం గుడారం బయట బోర్లించి, ఏం చేయాలో తోచక కాసేపు నిలబడింది. ఆ తర్వాత చెప్పులు విడిచి దిబ్బ ఎక్కడం మొదలుపెట్టింది.

నాలుగడుగులు వేస్తే రెండడుగులు జారుతోంది. మధ్యలో కూర్చుని మోకాళ్లు పట్టుకుంది. దిగిపోతుందనుకున్నాను; నిజం చెప్పాలంటే దిగిపోవాలనే కోరుకున్నాను. ఆమె దిగలేదు. పైకి చేరి, చీకటి పడేదాకా అక్కడే ఉంది. తిరిగొచ్చాక చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ, "ఇది మాత్రం నాను సూసిందే" అని నాతో అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆవిరి లేనిదే నాకు గొంతు రాదు.

మర్రాకెష్ వైపు వెళ్లకుండా దక్షిణపు దారిన తిరిగి సముద్రం పట్టుకున్నాం. ఎస్సావీరా అనే ఊరు. తెల్లగోడలు, నీలం పడవలు, తలుపులు ఊడిపోయేంత గాలి. ప్రయాణికులకు అప్పటికే మన భోజనం మీదికి గాలి మళ్లింది. రొట్టెలు తిని తిని దవడలు పడిపోయాయన్నారు. శేషుకుమార్ బజారుకు పోయి, విజయగర్వంతో కొత్త రబ్బరు తెచ్చాడు. ఆ దేశంలోనూ ఇంటింటా కుక్కర్లున్నాయట. తొడిగి చూస్తే నా మూత చక్కగా బిగిసింది. నేను ఎగిరి గంతెయ్యాలి. ఎందుకో మనసొప్పలేదు. కిటికీలోంచి పడవల వైపు చూస్తున్న రత్నమ్మ తల వాలిపోవడం చూశాను. ఇన్ని దేశాల్లోనూ ఆమెను పొయ్యికి కట్టేసిన తాడు నేనేనని అప్పుడు తెలిసింది.

ప్రయాణికులు కోటగోడ చూడ్డానికి బయల్దేరారు. రత్నమ్మ పప్పూ బియ్యం కడిగి నాలో పెట్టి, మూత బిగించి, స్టవ్ వెలిగించింది. ఆ వసతిగృహంలో వంట చేసే హద్దూమ్‌ను పిలిచి, నన్ను చూపించి, మూడు వేళ్లు చూపించి, స్టవ్ కట్టేసినట్టు చేత్తో తిప్పి చూపించింది. తర్వాత చేతులు తుడుచుకుంది. శేషుకుమార్ గుమ్మంలో అడ్డం నిలబడి ఎక్కడికని అడిగాడు.

"సముద్రం కాడికెల్తాను బాబూ. పొయ్యి మీద పెట్టీసినాను. కట్టీడానికి ఈ యమ్మ ఉంది."

"పప్పు మాడితే ఎవరు సమాధానం చెప్పాలి? మన భోజనం పెడతామని మాటిచ్చి తీసుకొచ్చాం."

"ఇన్ని దేశాలు తిరిగినాను. ఏటి సూసినావని అడిగితే సెప్పడానికి నాకు వంటగదులే ఉన్నాయి. ఈ ఒక్కూరు నన్ను సూసుకోనీండి."

"ఇలాగైతే వచ్చే టూరుకి నేను ఇంకొకళ్లని చూసుకోవాలి రత్నమ్మా. ముందే చెప్తున్నాను."

ఆ టూర్ల మీదే ఆమె ఇల్లు నడుస్తోందని అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"సూసుకోండి" అని, అతని పక్కనుంచి మెట్లు దిగిపోయింది.

తర్వాత జరిగినవి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అతను అన్నంత పనీ చేశాడు. ఆమె ఊరికి వెళ్లిపోయింది. ప్రయాణికులు కొన్న తివాచీలతో సామాను బరువెక్కి, నన్ను మోసుకెళ్లడం దండగని తేల్చారు. రత్నమ్మే నన్ను హద్దూమ్ చేతిలో పెట్టి, ఒకసారి నిమిరి, వెళ్లింది. ఇప్పుడు నేను ఈ వంటింటి కిటికీలో ఉంటాను. నాలో శనగలు ఉడుకుతాయి, గొర్రెమాంసం ఉడుకుతుంది. నా నడుం మీద ఉన్న తెలుగు పేరును ఇక్కడి పిల్లలు ముగ్గు అనుకుంటారు. గాలి వీచినప్పుడల్లా నాకు ఎటైనా పోవాలనిపిస్తుంది, కాళ్లు లేవు.

కానీ ఆమె మెట్లు దిగిపోయిన ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాలి. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. నిప్పుల మీద చేపలు కాలుస్తున్నారు, మన తీరంలో దొరికే కవళ్లే. రత్నమ్మ ఒక బల్ల దగ్గర ఆగింది, చేపను వేలితో చూపించింది. అక్కడి మనిషి కుర్చీ లాగాడు, ఆమె కూర్చుంది. వేరొకరు వండింది, వేడివేడిగా, ఆమె ముందు పెట్టారు.

అదే సమయానికి నాకు ఆవిరి నిండింది. ఎంత బిగబట్టినా ఆగలేదు, కూత పెట్టాను. ఇక్కడి కుక్కర్లు సన్నగా సుయ్‌మంటాయే తప్ప ఇలా అరవవు కాబోలు, హద్దూమ్ బెదిరి తలుపు వెనక్కి పోయింది. గాలికి నా అరుపు రేవు దాకా వెళ్లింది. రత్నమ్మ తలెత్తింది. కుర్చీలోంచి సగం లేచింది కూడా. కిటికీ వైపు చూసింది.

మళ్లీ కూర్చుంది. చేపలో ముల్లు తీసి పక్కన పెట్టి, తినసాగింది.